మామిడి సీజన్: ల్యాబ్ (లాబ్రడార్) కుక్కకి, పమేరియన్‌కి ఏ పళ్లు పెట్టొచ్చు, ఎంత పెట్టొచ్చు?

బెజవాడ_బ్రూనో:

అందరికీ నమస్కారం. ఇంట్లో రెండు కుక్కలున్నాయి. ల్యాబ్ మగది, 5 ఏళ్లు, 34 కేజీలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. 30 కేజీలకి దించమని డాక్టర్ గారు చెప్పారు. పమేరియన్ ఆడది, 8 ఏళ్లు, 5 కేజీలు. రెంటికీ రెండు పూటలా ప్యాకెట్ ఫుడ్డే, మధ్యలో రెండు మూడు గ్లూకోజ్ బిస్కెట్లు. రక్తపరీక్షల్లో ఏ తేడా లేదు.

బంగినపల్లి, రసాలు మొదలయ్యాయి. పండు కోస్తే చాలు, రెండూ వచ్చి కూర్చుంటున్నాయి. నెట్‌లో ఒకచోట పెట్టొచ్చంటారు, ఇంకోచోట వద్దంటారు, ఎంత అనేది మాత్రం ఎవరూ చెప్పరు. పైగా అక్కడ రాసేవన్నీ బ్లూబెర్రీలు, క్రాన్‌బెర్రీలు. మన ఇళ్లలో ఉండే మామిడి, సపోటా, సీతాఫలం, నేరేడు, ముంజలు, పనస సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. గ్రాముల్లో చెప్తే ఇంకా మంచిది.

---

పశువైద్యం_22:

గుజ్జుతో వచ్చే ఇబ్బంది మహా అయితే విరేచనాలు, ఒళ్లు పెరగడం. ప్రాణం మీదికి వచ్చేది టెంకతో, ద్రాక్షతో. ముందు ఆ రెండూ చెప్తాను, గ్రాముల లెక్క ఇంకెవరైనా చెప్తారు.

మామిడి టెంక కుక్కకి ఇవ్వకండి. "చీకి వదిలేస్తుందిలే" అనుకుంటారు, ల్యాబ్ అలా వదలదు. రసం టెంక చిన్నది, గుజ్జుతో జారుడుగా ఉంటుంది, నమలకుండానే లోపలికి పోతుంది. బంగినపల్లి టెంక పెద్దదే గానీ దవడతో రెండు ముక్కలు చేసి మింగుతుంది, అప్పుడు విరిగిన అంచులు పేగుని గీస్తాయి. టెంక కడుపులో కరగదు. ఇంకో సంగతి, మింగిన రోజే ఏదో ఒకటి కనబడాలని లేదు. కొన్నిసార్లు రోజుల తరబడి పొట్టలోనే ఉండిపోయి, తర్వాత చిన్నపేగులోకి దిగి అక్కడ బిగుసుకుంటుంది. అందుకే జూన్‌లో వాంతులు మొదలైన కుక్కని చూసి, మేలో తిన్న మామిడిపండు ఇంట్లో ఎవరికీ గుర్తుకురాదు.

గమనించాల్సినవి: తిన్నదే కాక తాగిన నీళ్లు కూడా కక్కేయడం, మలం రాకపోవడం లేదా కొంచెం కొంచెంగా జిగురుగా రావడం, పొట్ట తాకనివ్వకపోవడం, ముందుకాళ్లు నేలకి ఆనించి వెనకభాగం పైకి లేపి ఉండటం. వీటిలో నీళ్లు కూడా నిలవకపోవడం ఒక్కటి కనబడినా ఆ రోజే తీసుకెళ్లాలి.

టెంక మింగిందని తెలిస్తే ఇంట్లో వాంతి చేయించకండి. లోపలికి జారుడుగా పోయింది కదా అని అంతే సులువుగా బయటికి రాదు, అన్నవాహికలో అడ్డం పడితే కడుపులో ఉన్నదానికన్నా కష్టం. ఆముదం, విరేచనాల మందు కూడా వద్దు. అడ్డు ఉన్నచోట పేగు గట్టిగా బిగిస్తే చిరిగే ప్రమాదం ఉంది. ఇంకా పొట్టలోనే ఉంటే ఎండోస్కోపీతో తీయగలిగే అవకాశం ఉంటుంది, పేగులోకి దిగి బిగుసుకుంటే ఆపరేషనే. ఎక్స్‌రేలో టెంక ఎముకలాగా స్పష్టంగా కనబడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్నారని ఊరుకోకుండా, వాంతులు ఆగకపోతే అల్ట్రాసౌండ్ చేయించమని అడగండి. మీది బెజవాడ కాబట్టి గన్నవరం వెటర్నరీ కాలేజీ దగ్గరే. వెళ్లేముందు ఫోన్ చేసి అక్కడ ఏ పరీక్షలు, ఏ టైమ్‌లో చేస్తారో కనుక్కోండి.

ఇక ద్రాక్ష. పచ్చవైనా, నల్లవైనా, గింజ లేనివైనా, కిస్‌మిస్ అయినా కుక్కకి ఒక్కటి కూడా పెట్టకూడదు. కిడ్నీలు దెబ్బతింటాయి. కొన్ని కుక్కలు గుప్పెడు తిని బాగానే ఉంటాయి, కొన్ని నాలుగైదుకే పడిపోతాయి. ఇంతవరకు ఫర్వాలేదు అని చెప్పగల మోతాదు లేదు. కిస్‌మిస్ ఎండినది కాబట్టి అదే బరువుకి ఇంకా గాఢం. పాయసం, కేసరి, ఫ్రూట్ సలాడ్, తిరుపతి లడ్డూ, కేకు, వీటన్నిటిలో ఉండేది అదే. ప్రసాదమని చిటికెడు నోట్లో పెట్టేవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

---

తూకంరాయి:

గ్రాముల లెక్క నేను చెప్తాను. ముందు రోజుకి ఎన్ని క్యాలరీలో తెలియాలి. ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు: బరువుని మూడుసార్లు గుణించండి (5 × 5 × 5 = 125), వచ్చినదానికి వర్గమూలం నొక్కండి (11.18), మళ్లీ ఒకసారి వర్గమూలం నొక్కండి (3.34), దాన్ని 70తో గుణించండి. 234 వచ్చింది. కుక్క ఊరికే పడుకుని ఉన్నా కావాల్సిన శక్తి అది. ఆపరేషన్ అయిన మామూలు పెద్ద కుక్కకి దాన్ని 1.6తో గుణిస్తారు. అంటే మీ పమేరియన్‌కి (దానికీ ఆపరేషన్ అయి ఉంటే) రోజుకి సుమారు 375.

ల్యాబ్‌కి ఇప్పుడున్న 34తో లెక్క వేయకండి, ఉండాల్సిన 30తో వేయండి. దాదాపు 900 వస్తుంది. బరువు తగ్గించేటప్పుడు 1.6తో గుణించరు, ఆ 900 దగ్గరే మొదలుపెడతారు.

అసలు తిండి కాకుండా పైపైన పెట్టేవన్నీ కలిపి ఇందులో పదో వంతు దాటకూడదు. పమేరియన్‌కి 37, ల్యాబ్‌కి 90. "అన్నీ కలిపి" అన్నాను చూడండి, అందరూ జారేది అక్కడే. ఒక్కో గ్లూకోజ్ బిస్కెట్ 20 పైచిలుకు. పమేరియన్‌కి రెండు బిస్కెట్లు వేశారంటే ఆ రోజు కోటా అయిపోయింది, పండుకి చోటే లేదు. కాబట్టి మొదట చేయాల్సిన పని బిస్కెట్ మానేసి ఆ చోటులో పండు పెట్టడం.

గుజ్జు 100 గ్రాములకి క్యాలరీలు: పుచ్చకాయ 30, బొప్పాయి 43, ఆపిల్ 52, మామిడి 60, జామ 68, సపోటా 83, అరటి 89, సీతాఫలం 95 ప్రాంతంలో. కాస్త అటూ ఇటూ ఉంటాయి, పండుని బట్టి.

ఇప్పుడు 400 గ్రాముల బంగినపల్లి తీసుకోండి. తొక్క, టెంక పోగా 250 గ్రాముల దాకా గుజ్జు మిగులుతుంది, అంటే 150 క్యాలరీలు. ల్యాబ్ కోటా 90. ఒక్క పండు పూర్తిగా పెడితే కోటా దాటి మూడింట రెండొంతులు ఎక్కువ! కోటా మొత్తం పండుకే వాడొద్దు, చక్కెర ఒక్కసారిగా ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. ల్యాబ్‌కి 70 గ్రాములు, పమేరియన్‌కి 25 గ్రాములు, వారానికి మూడు నాలుగు సార్లు. 25 గ్రాములంటే మీ బొటనవేలు పైకణుపంత ముక్కలు మూడో నాలుగో. చూడ్డానికి ఏమీ లేనట్టు ఉంటుంది, కానీ 5 కేజీల జీవికి అది తక్కువేం కాదు. ఒక్కసారి వంటింటి త్రాసు మీద తూచి చూడండి, తర్వాత చెయ్యి దానంతట అదే అలవాటు పడుతుంది.

రెంటికీ తినిపించాలనే సరదా ఎక్కువుంటే పుచ్చకాయ నయం. 25 గ్రాముల మామిడిలో ఉండే 15 క్యాలరీలకే పమేరియన్‌కి 50 గ్రాములు వస్తుంది.

---

నెల్లూరు_కెన్నెల్:

లెక్క బాగుంది. కోయడం గురించి కొంచెం.

మామిడి: కాయని పావుగంట నీళ్లలో ఉంచి, ముచ్చిక కోసి సొన కారనిచ్చి, మళ్లీ కడగాలి. సొన తగిలితే మూతి చుట్టూ, పెదాల మీద చర్మం ఎర్రబడుతుంది. తొక్క పెట్టొద్దు, సరిగా అరగదు, సొన, చల్లిన మందు ఉండేవి కూడా దాని మీదే. కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధమే, కానీ మార్కెట్లో ఆగిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైన పసుపు మెరుస్తూ లోపల గట్టిగా, పుల్లగా ఉన్న కాయ మనం తినడానికే పనికిరాదు, కుక్కకి అసలే వద్దు. టెంకలు వంటింటి మూలన మూత లేని బుట్టలో వేస్తే ఇన్ని జాగ్రత్తలూ వృథా. కాలితో తొక్కితే తెరుచుకునే డబ్బా కూడా ల్యాబ్ నేర్చేసుకుంటుంది. టెంకల్ని కవర్లో ముడేసి బాల్కనీ తలుపుకి అవతల పెట్టండి. చెత్తబండి వచ్చేదాకా పులిసిన పళ్లు ఇంకో ప్రమాదం, పులిస్తే ఆల్కహాల్ తయారవుతుంది. బూజు పట్టినవి తింటే ఒణుకు, ఫిట్స్ వచ్చే అవకాశమూ ఉంది.

సపోటా: గింజ పొడుగ్గా, నున్నగా ఉంటుంది గానీ ఒక చివర కొక్కెంలా ముల్లు ఉంటుంది. గొంతులో గీరుకుంటుంది. చీల్చి, గింజలు తీసి, వేలితో ఒకసారి తడిమి చూసి పెట్టాలి. పచ్చి సపోటాలో పాలు, వగరు ఉంటాయి, బాగా మాగినదే పనికొస్తుంది. తీపి ఎక్కువ కాబట్టి పమేరియన్‌కి ఒక టీస్పూన్ చాలు.

సీతాఫలం: గుజ్జుతో ఇబ్బంది లేదు, గింజతోనే. గింజ చెక్కుచెదరకుండా పోతే బయటికి వచ్చేస్తుంది, నమిలితే లోపలి పప్పు విషం. పేలకి సీతాఫలం గింజల పొడి వాడతారు కదా, అదే గుణం. ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. ఒక పండులో ఎన్ని గింజలుంటాయో మీకు తెలుసు, ఒక్కొక్కటీ తీసే ఓపిక లేకపోతే ఆ పండు ఊసే ఎత్తకండి.

నేరేడు, రేగు: గింజ తీసి గుజ్జు మాత్రమే. ల్యాబ్ ఒకటీ అరా మింగినా పోతుంది. పమేరియన్‌కి రేగు గింజ అడ్డు పడొచ్చు. వాకింగ్‌లో చెట్టు కింద ఏరుకు తినకుండా లీషు దగ్గరగా పట్టుకోండి.

ముంజలు: చుట్టూ ఉండే పొర వలిచేసి, లేతవైతే చిన్న ముక్కలు చేసి పెట్టొచ్చు. మొత్తం ముంజ పెట్టకండి, జారుడు వల్ల చిన్న కుక్కకి గొంతుకి అడ్డం పడుతుంది. ముదిరినవి అరగవు.

పనస: గింజ, పీచు లేకుండా తొనలో చిన్న ముక్క. జిగురు అంటిన చేత్తో పెడితే మూతి వెంట్రుకలకి పట్టుకుంటుంది, పమేరియన్‌కి అది వదిలించడం పెద్ద పని.

పుచ్చకాయ గింజలు తీసి, కింది తెల్ల భాగం, తొక్క లేకుండా. ఫ్రిజ్‌లో చల్లబరిచినది ఫర్వాలేదు, డీప్ ఫ్రీజర్‌లో రాయిలా గడ్డకట్టినది పళ్లు విరగ్గొడుతుంది. ఆపిల్ మధ్య భాగం, గింజలు తీసేయండి. అరటి తొక్క వద్దు. దానిమ్మ గింజలు చాలా కుక్కలకి పడవు, వాంతి అవుతుంది. బత్తాయి, కమలా తొనలు ఒకటి రెండు సరే, తొక్క వద్దు. కొబ్బరి ముక్కలో 100 గ్రాములకి 350 క్యాలరీలుంటాయి, చాలావరకు కొవ్వు వల్లే. కొట్టిన కొబ్బరికాయ చిప్ప కుక్కకి పడేయడం మన అలవాటు గానీ, పమేరియన్‌కి అది మంచిది కాదు. కొవ్వు ఒక్కసారిగా ఎక్కువైతే క్లోమం వాచే రిస్కు ఉంది.

కొత్త పండు ఏదైనా మొదట టీస్పూన్. రెండు మూడు రోజులు మలం చూసుకుని, బాగుంటేనే తర్వాత పెంచాలి. ఒకేరోజు రెండు కొత్త పళ్లు పెడితే, తేడా చేసినప్పుడు ఏది చేసిందో తెలియదు. ఇంకోటి, రెండు కుక్కలకీ ఒకచోట పెట్టకండి. ఎదుటిది లాక్కుంటుందేమోనని నమలకుండా మింగుతాయి.

---

బెజవాడ_బ్రూనో:

అందరికీ చాలా థాంక్స్ అండి. బిస్కెట్ లెక్క అసలు ఊహించలేదు. పశువైద్యం గారూ, ఒక డౌట్. ద్రాక్షలో ఏముండటం వల్ల కిడ్నీ పాడవుతుంది? పచ్చి మామిడి, చింతకాయ లాంటి పులుపులకి కూడా అదే వర్తిస్తుందా? ఉగాది పచ్చడి రోజు రెండూ గిన్నె చుట్టూ తిరిగాయి.

---

పశువైద్యం_22:

మంచి ప్రశ్న, మన వంటిళ్లకి బాగా అవసరమైనది.

ద్రాక్షలో విషపదార్థం ఏంటో చాలాకాలం తేలలేదు. 2021లో అమెరికాలోని ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ విషచికిత్స కేంద్రం వైద్యులు ఒక ఆధారం పట్టుకున్నారు. పిల్లలు బొమ్మలు చేసి ఆడుకోవడానికి ఇంట్లో కలిపిన పిండిముద్ద (ప్లే డో) తిన్న కుక్కలో, ద్రాక్ష తిన్నట్టే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ ముద్దలో ఉన్నది క్రీమ్ ఆఫ్ టార్టర్, అంటే టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్షలో కూడా టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, రకాన్ని బట్టి, పండిన తీరుని బట్టి మారుతుంది. ఒక కుక్కకి ఏమీ కాకపోవడం, ఇంకోదానికి ప్రాణం మీదికి రావడం ఎందుకో అక్కడ అర్థమవుతుంది. ఆ తర్వాత వాళ్లు ప్రచురించిన కేసుల్లో చింతపండు తిన్న కుక్కలు కూడా ఉన్నాయి.

చింతపండులో ఉండే పులుపు ఇదే ఆమ్లం, ద్రాక్షలో కన్నా చాలా రెట్లు ఎక్కువ. ఉడికించినా పోదు. మామిడికాయ పులుపు వేరే, అది ముఖ్యంగా సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు. కాబట్టి పచ్చి మామిడి ముక్కతో కడుపు పాడవుతుందేమో గానీ కిడ్నీ భయం లేదు. చింతపండు ఉండలు, చింతకాయలు, చింతకాయ పచ్చడి, చాక్లెట్లా చుట్టి అమ్మే చింతపండు మిఠాయి, ఉగాది పచ్చడి, పులిహోర పేస్టు మాత్రం కుక్కకి అందకూడదు.

---

పాతకాపు:

మా వైపు కుక్కలన్నీ పులుసన్నం, చారన్నం తినే పెరిగాయి. పదేళ్లు, పన్నెండేళ్లు బతికాయి. ఇదంతా కాస్త అతి అనిపిస్తోంది. ఏమనుకోకండి.

---

పశువైద్యం_22:

అనుకోవడానికేముంది. చారు తగిలిన అన్నం రెండు ముద్దలు తిన్నదని పరుగెత్తమని నేనూ చెప్పను. చారులో చింతపండు చాలా పలచన. ప్రచురితమైన కేసులు చింతపండుని సూటిగా తిన్నవి. మీరు చెప్పిన కుక్కలు బతకడానికి అదొక కారణం, ఒంటి తీరు ఇంకో కారణం. మూడోది, కిడ్నీ పనితీరు నాలుగింట మూడొంతులు పోయేదాకా, రక్తపరీక్షలో దాన్ని చూపించే క్రియాటినిన్ పెద్దగా పెరగదు. ముసలితనంలో నీళ్లు ఎక్కువ తాగి, చిక్కిపోయి చనిపోయిన కుక్కకి "వయసైపోయింది" అంటారు, రక్తపరీక్ష ఎవరు చేయించారు? చారన్నం వల్లే అలా అయిందని అనడం లేదు. తెలియదు కాబట్టి బాగానే ఉన్నాయని కూడా అనలేం. పైగా పులుసులో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్కల ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. కుక్కకి పెట్టే అన్నం పులుసు కలపకముందే తీసి పక్కన పెట్టడానికి ఖర్చేమీ లేదు.

---

తూకంరాయి:

ఇంకో మాట కలుపుతాను. షుగర్ ఉన్న కుక్క, క్లోమం వాచిన చరిత్ర ఉన్న కుక్క, కిడ్నీ డైట్ మీద ఉన్న కుక్క, వీటికి నా పైలెక్క వర్తించదు. కిడ్నీ జబ్బున్న కుక్కకి అరటిపండు, కొబ్బరినీళ్లు పొటాషియం వల్ల ప్రమాదం కావచ్చు. జ్వరం వచ్చి నీరసంగా ఉంటే కొబ్బరినీళ్లు పట్టేవాళ్లు ముందు రక్తపరీక్ష చూసుకోవాలి.

ప్యాకెట్లో వచ్చే పళ్ల జామ్, షుగర్ ఫ్రీ పెరుగు, ఎనర్జీ బార్ అసలు వద్దు. లేబుల్ మీద జైలిటాల్ అని గానీ 967 అనే నెంబరు గానీ ఉందేమో చూడండి. మనకి మామూలు తీపి, కుక్కకి అరగంటలో షుగర్ పడిపోయేలా చేస్తుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది.

---

బెజవాడ_బ్రూనో:

ఆఖరి ప్రశ్న. మన జాగ్రత్తలో మనమున్నా, ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు ద్రాక్ష పెట్టేశారనుకోండి. ఏం చేయాలి, ఏ వరసలో?

---

పశువైద్యం_22:

మొదట టైమ్ చూసి రాసుకోండి, ఎన్ని తిన్నదో పిల్లల్ని తిట్టకుండా అడగండి, తిడితే నిజం చెప్పరు. వెంటనే క్లినిక్‌కి ఫోన్ చేసి "ద్రాక్ష తిన్నది, ఇన్ని, ఇంత సేపైంది, కుక్క బరువు ఇంత" అని చెప్పి బయల్దేరండి. లక్షణాల కోసం ఆగకండి. వాంతులు సాధారణంగా 6 నుంచి 12 గంటల్లో మొదలవుతాయి, కిడ్నీ దెబ్బ ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బయటపడుతుంది. ఉచ్చ తగ్గిపోయేసరికి ఆలస్యమైపోయినట్టే.

ఉప్పునీళ్లు పట్టొద్దు. వాంతి రాకపోతే ఆ ఉప్పు రక్తంలోకి ఎక్కి మెదడు దెబ్బతిని చనిపోయే ప్రమాదం ఉంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా మీ అంతట మీరు పట్టొద్దు, పొట్ట లోపలి పొర పుండు పడుతుంది. క్లినిక్‌లో ఇంజెక్షన్‌తో వాంతి చేయిస్తారు. ద్రాక్ష పొట్టలో చాలాసేపు ఆగుతుంది కాబట్టి రెండు గంటలు దాటినా తీసుకెళ్లడం దండగ కాదు. వాంతిలో ఎన్ని పళ్లు వచ్చాయో లెక్కపెట్టి, తిన్నవాటితో పోల్చుతారు. తర్వాత సెలైన్ సాధారణంగా 48 గంటలు. క్రియాటినిన్, యూరియా మొదటిరోజు ఒకసారి, తర్వాత రోజూ, 72 గంటల దాకా చూడాలి. మొదటి రిపోర్టు నార్మల్ వచ్చిందని ఇంటికి తీసుకొచ్చేయకండి, ఆ రిపోర్టు తిన్నరోజుది, దెబ్బ రెండోరోజుది.

కిస్‌మిస్ ప్యాకెట్ అయితే మిగిలిన ప్యాకెట్టు వెంట తీసుకెళ్లండి, తూకం చూసి ఎంత తిన్నదో లెక్క కట్టొచ్చు. రెండు కుక్కల్లో ఏది తిన్నదో తెలియకపోతే రెంటినీ తీసుకెళ్లండి. 34 కేజీల ల్యాబ్ తట్టుకునేది కూడా 5 కేజీల పమేరియన్ తట్టుకోలేకపోవచ్చు.